పడవకి అవతలి వైపు

కుదురుగా కూర్చోవడం నాకెప్పుడూ చేతకాలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిరుగుతూనే ఉంటాను. పిల్లలు దానికి నాకో పేరు పెట్టారని తెలుసు, తెలియనట్టు ఊరుకుంటాను. అలాంటిదాన్ని, మొన్న చలికాలంలో మా కాలేజీ స్టాఫంతా కలిసి సముద్రంలోకి లాంచీ ఎక్కినప్పుడు మాత్రం గంటసేపు కుర్చీకి అతుక్కుపోయాను. అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగారు. మైకులో ఒకాయన కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి అంటున్నాడు. ఒడ్డు కనుమరుగయ్యాక మా లెక్కల మేడం "డాల్ఫిన్లండీ, డాల్ఫిన్లు" అని లేచింది. అందరూ ఫోన్లు పైకెత్తి ఒకే పక్కకి పోగయ్యారు. ఆవిడ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల కూడా వేసింది. నేను లేవలేదు. "మీరు చూడరేంటండీ, మళ్లీ దొరకవు" అని భుజం పట్టి లాగింది. "నేను చూశానండీ, చిన్నప్పుడు" అన్నాను. ఎక్కడ అని అడిగింది గానీ జవాబు వినే ఓపిక ఆవిడకి లేదు, చెప్పే ధైర్యం నాకూ లేదు. ఇన్నేళ్లలో ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక అన్నం సహించక, పుస్తకం పట్టక, గదిలోంచి వరండాకీ వరండాలోంచి గదికీ తిరుగుతుంటే, అమ్మ చూసి "ఏంటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ" అంది. నిజానికి మా ఇంట్లో ఆ మాట మొదట పడింది అమ్మకే.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మ మస్కట్ వెళ్లింది, ఒకళ్లింట్లో వంటకీ, పిల్లల్ని చూసుకోవడానికీ. రాజోలు దగ్గర మా ఊళ్లో అదేమీ వింత కాదు. మా వీధిలో ఇల్లు విడిచి ఇల్లు ఎవరో ఒక ఆడమనిషి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండేది. నాన్నది కొబ్బరికాయలు వలిచే పని. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, మూడు విరుపుల్లో డొక్క ఊడదీసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఒంటినిండా పచ్చి డొక్కల వాసన, అరచేతుల్లో ఎంత తోమినా పోని నల్లటి మరకలు. మామ్మ ఆ డొక్కల మంట మీదే అన్నం వార్చేది, పొయ్యిలోంచే చుట్ట అంటించుకునేది. వండేముందు, తినేముందు, పడుకునేముందు ప్రార్థన చేసేది. ప్రతి ప్రార్థనలోనూ దూరదేశాన ఉన్న కోడలి పేరు ముందు, ఇంట్లో ఉన్న మా పేర్లు తరవాత. నాకు దాని మీద కూడా కోపమే. మామ్మ చూపు ఆనని చోట గిన్నెలు తోమేదాన్ని నేను, అన్నం మాడితే గీకేదాన్ని నేను, దేవుడి దగ్గర మాత్రం నాది మూడో నంబరు.

అమ్మకి ఉత్తరం రాయడం వచ్చు గానీ రాసేది కాదు, క్యాసెట్ పంపేది. అప్పట్లో అందరూ అంతే. సెలవుకి వచ్చేవాళ్ల చేత పాలపొడి డబ్బా, నొప్పుల తైలం, వాసన సబ్బులు, వాటి మధ్య తువ్వాలులో చుట్టిన క్యాసెట్. ఒక ఇంటికి క్యాసెట్ వచ్చిందంటే వీధి మొత్తానికి వచ్చినట్టే. ఆదివారం చర్చి అయ్యాక మా అరుగు మీద చాపలు పరిచి, టేప్‌రికార్డరుని పీట మీద కూర్చోబెట్టేవాళ్లు. పంపిన మనిషి అందర్నీ పేరుపేరునా పలకరించాలి, అది మర్యాద. "రత్నం వదినగారూ, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయండీ" అని టేపులో అమ్మ అడిగితే, రత్నం అత్త ఎదురుగా మనిషి ఉన్నట్టే "ఆయ్, అలాగే ఉన్నాయి సుగుణా" అని పీట మీది డబ్బాకి జవాబు చెప్పేది. ఎవరి పేరైనా మరిచిపోయిందో, ఆ ఇంటివాళ్లు మళ్లీ క్యాసెట్ వచ్చేదాకా మాతో మాట్లాడేవాళ్లు కాదు. నేను పెద్దమనిషినైన కబురు అమ్మకి ఎలా చేరిందో గానీ, తరవాతి క్యాసెట్‌లో నా వంతు వచ్చేసరికి ఆమె గొంతు బాగా తగ్గించింది. ఆ రోజుల్లో ఏం తినాలో, గుడ్డలు ఎక్కడ ఆరేసుకోవాలో విడమరిచి చెప్పింది. గొంతు తగ్గిస్తే నాకొక్కదానికే వినబడుతుందనుకుంది పిచ్చితల్లి. అరుగు నిండా జనం. మగవాళ్లు కొబ్బరిచెట్ల మొవ్వులు చూస్తూ కూర్చున్నారు. నేను లోపలికి పోయి బియ్యం డ్రమ్ము వెనకాల నక్కాను. అంతకుముందు అమ్మ మీద ఉన్నది బెంగో కోపమో తెలిసేది కాదు. ఆ రోజుతో కోపమని తేలిపోయింది.

తరవాత ఏడాదో ఎప్పుడో వచ్చిన క్యాసెట్ రెండోవైపు తిప్పితే, పలకరింపులేమీ లేకుండా అమ్మ గొంతు ఆయాసంగా మొదలైంది. "ఇవాళ శుక్రవారం. ఇక్కడ సెలవు. మా మేడం వాళ్లు లాంచీలో సముద్రంలోకి తీసుకొచ్చేరు. డాల్ఫిన్లని మనిషంత చేపలు. చప్పట్లు కొట్టి ఈల వేస్తే, పేరెట్టి పిలిచినట్టే వత్తాయి. అదిగో, వచ్చేత్తన్నాయి, వినండి." ఆ తరవాత ఇంజను మోత, దాని మీద ఈలలు, మగవాళ్ల కేకలు, చప్పట్లు. వాటి నడుమ, మాకు బాగా దగ్గరగా, అమ్మ నవ్వు. ఆ నవ్వు మేమెవరం ఎరగం. ఇంట్లో అమ్మకి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. ఇది విరగబడి నవ్వడం. అరుగు మీద ఒక్కరూ కదల్లేదు. రత్నం అత్త నాన్నకి సొంత అక్క, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "మా మరదలు పనికెళ్లిందా, తీర్థానికెళ్లిందా" అంది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న వంగి టేపు ఆపేశాడు.

ఆ తరవాత మా ఇంట్లో క్యాసెట్లు తలుపులేసుకుని విన్నాం. మేం తలుపులేసుకుంటే ఊరు నోరు మూసుకుంటుందా. కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడితే చాలు, "చప్పట్లు కొడితే చేపలొస్తాయంట, ఈల ఎవరేశారో, ఎవరొచ్చారో" అని నా వెనక వినబడేది. నాన్న వలుపుకి వెళ్లి ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చేవాడు. నా బాధ మాత్రం ఊరి బాధ కాదు. అమ్మ చెడ్డపని చేసిందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ క్యాసెట్ పెట్టుకుని ఆ నవ్వు దగ్గరికి వెనక్కీ ముందుకీ తిప్పేదాన్ని. మమ్మల్ని వదిలి వెళ్లాకే ఆమెకి ఆ నవ్వు వచ్చిందన్నది ఒక్కటే నాకు వినబడేది.

ఏడేళ్లకి అమ్మ తిరిగొచ్చింది, ఇంక వెళ్లనని చెప్పి మరీ. మూడు రోజులపాటు ఆమెని నేను "మీరు" అన్నాను. నాలుగో రోజున కళ్లనీళ్లు పెట్టుకుంటే మానేశాను, దానికి బదులు అసలు పిలవడమే తగ్గించాను. ఆమెకా, కాలు నిలిచేది కాదు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది, ఊడ్చిన గచ్చుని ఫినాయిలుతో తుడిచేది, తుడిచిందాన్నే మధ్యాహ్నం మళ్లీ తుడిచేది. మా ఇంటి డొక్కల వాసనంతా పోయి ఆస్పత్రి వాసన వేసింది. మడతపెట్టిన బట్టలు విప్పి చిన్న చిన్న చదరాలుగా మళ్లీ మడిచేది. శుక్రవారం వచ్చిందంటే మరీను. చెయ్యడానికి పనిలేనట్టు, వెళ్లడానికి చోటు లేనట్టు గుమ్మంలోకీ రోడ్డు మీదికీ తిరిగేది. మామ్మ చుట్ట తీసి "ఏంటే అమ్మాయ్, కాలుగాలిన పిల్లిలాగ" అనేది. ఊళ్లో తన గురించి ఏమంటున్నారో ఆమెకి తెలియడానికి వారం పట్టలేదు. రత్నం అత్తే చెప్పింది, మంచికోరి చెబుతున్నట్టు.

ఒకరోజు అన్నాల దగ్గర, మెత్తళ్ల కూర వడ్డిస్తూ, అమ్మ ఎత్తింది. "ఏవండీ, ఆ ఈలల సంగతి నన్నొక్క మాట అడగొచ్చు గదా."

"నేనేం అన్లేదు గదా" అన్నాడు నాన్న, కంచంలోంచి తలెత్తకుండా.

"అన్లేదు. అడగనూ లేదు." ఇంకో గరిటె కూర వేసి, "మన సముద్రంలోనూ ఉంటాయంట. అంతర్వేది పోలయ్యగారిని కనుక్కున్నాను, పడవ కడతానన్నారు. అందరం వెళ్దాం. వదినగారిని కూడా తీసుకెళ్దాం. పిలిత్తే వత్తాయో రావో మీ కళ్లతోనే చూద్దురు గాని" అంది.

"రాకపోతేనో?" అంది మామ్మ.

"వత్తాయండి" అంది అమ్మ. కూర వడ్డించే చెయ్యి మాత్రం గాలిలోనే ఆగిపోయింది. వస్తే ఆమె మాట నిలబడుతుంది, నాన్న నలుగురిలో తలెత్తుకుంటాడు, ఆమె ఈ ఇంట్లో ఉండగలుగుతుంది. రాకపోతే ఏమిటన్నది ఎవరూ పైకి అనలేదు గానీ నాక్కూడా అర్థమైంది. అప్పటికి పదహారేళ్లున్నాయి నాకు.

క్రిస్మస్ వెళ్లాక, మంచు ఇంకా విడవకముందే, మొదటి బస్సెక్కి వెళ్లాం. మామ్మ రాలేదు. కొబ్బరన్నం, వేయించిన చేపముక్కలు క్యారేజీలో సర్ది, ప్రార్థన చేసి పంపింది. అమ్మ ఊదారంగు పూల చీర కట్టింది. పోలయ్యగారి ఇంజను పడవ వశిష్ఠ గోదావరిలోనే కట్టి ఉంది. ఆయన ముసలాయన, మాట నిదానం. "చలికాలం పొద్దున్నపూట కనబడతాయండి. వాటి దారిన అవి వత్తాయి, వాటి దారిన అవి పోతాయి" అన్నాడు. అమ్మ చప్పట్ల సంగతీ ఈల సంగతీ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "చప్పట్లు మీ ఇష్టమండి. ఈల మాత్రం మా పడవలో వెయ్యకూడదు. గాలిని పిలిచినట్టవుద్ది." రత్నం అత్త నా వంక చూసి కనుబొమ్మ ఎగరేసింది. ఆ కనుబొమ్మకి నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు దగ్గర్నించే నాకు సిగ్గేస్తుంది.

నది మొగ దగ్గర కెరటాలు పడవని ఎత్తి కుదేశాయి. అది దాటాక నీళ్ల రంగు మారింది, సరుగుడు తోటలు గీతలా సన్నబడ్డాయి. పోలయ్యగారు ఇంజను ఆపేశాడు. అమ్మ పడవకి దక్షిణం పక్కన నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. మొదట సరదాగానే ఉంది. పోలయ్యగారు కూడా నాలుగు కొట్టాడు. కాసేపటికి ఆమె ఒక్కతే మిగిలింది. అంత సముద్రంలో ఒక మనిషి చప్పట్లు ఎంత పిసరంత వినబడతాయో విన్నవాళ్లకే తెలుస్తుంది. కొంగు జారితే దోపుకుని మళ్లీ కొట్టింది, గాజులు వెనక్కి తోసుకుని మళ్లీ కొట్టింది. అత్త తలకి ముసుగేసుకుని కూర్చుంది. నాన్న మాత్రం అమ్మ పక్కనే నిలబడి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని నీళ్లని గాలిస్తున్నాడు. అంత ఆత్రంగా ఆయన దేనికోసమూ వెతకడం నేనెప్పుడూ చూడలేదు. అవి రావాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు ఆయనేనని అప్పుడే నాకు తెలిసింది. అది కూడా నాకు గిట్టలేదు. ఈ ఏడేళ్లూ ఆయనకి అన్నం పెట్టింది నేను.

ఆ చప్పట్లు వినలేక, కడుపులో తిప్పుతోందని చెప్పి, రెండో పక్కకి వెళ్లి పడవ అంచు మీద గడ్డం ఆనించాను. అక్కడున్నాయి. నేను చెయ్యి చాపితే అందవు గానీ, కర్ర చాపితే అందేవి. నీళ్లలోంచి ఒక వీపు లేచింది, తడిసిన పలక రంగు. నెత్తిన చిన్న చిల్లులోంచి ఫుస్సుమని ఊపిరి వదిలింది. దాని వెనకే ఇంకొకటి. తొందరేమీ లేదు వాటికి. ఒకటి పక్కకి ఒరిగింది, దాని కన్ను నాకు కనబడింది. ఊపిరి చప్పుడు పెద్దదే, ఎవరికైనా వినబడాల్సిందే. అటుపక్క అమ్మ చప్పట్లలో అది కలిసిపోయింది, పోలయ్యగారేమో ఇంజను మీదికి వంగి ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట. నాన్న రెండంగల్లో ఇటొచ్చేవాడు. ఆ మాట గొంతు దాకా వచ్చింది, దాంతోపాటే క్యాసెట్‌లోని నవ్వూ వచ్చింది. ఇప్పుడు అరిస్తే అమ్మ మళ్లీ అలా నవ్వుతుంది, గెలుస్తుంది, నేను బియ్యం డ్రమ్ము వెనక కూర్చున్న రోజు ఇంక ఎవరికీ గుర్తుండదు. పళ్లు బిగించుకున్నాను. అవి మూడుసార్లు లేచాయి. నాలుగోసారి దూరంగా లేచాయి. ఆ తరవాత ఉత్త నీళ్లు.

"అటేమైనా ఉన్నాయా అమ్మాయ్?" అని నాన్న అడిగాడు.

"ఏం లేవు నాన్నా" అన్నాను.

ఎండ ఎక్కింది. "ఇంక చాల్లే సుగుణా, చేతులు పడిపోతాయి" అంది అత్త, మెత్తగానే. అమ్మ చేతులు దించేసింది. అరచేతులు కందిపోయాయి. తిరిగొచ్చేటప్పుడు ఎవరూ క్యారేజీ విప్పలేదు. ఊళ్లో అత్త ప్రత్యేకంగా ఏమీ ప్రచారం చెయ్యలేదు. అడిగినవాళ్లకి "గంటసేపు కొట్టింది పాపం, ఒక్క చేపా రాలేదు" అని జాలిగా చెప్పింది. ఆ జాలి ఎగతాళి కంటే ఎక్కువ పనిచేసింది. నాన్న మళ్లీ మౌనంలోకి పోయాడు. అమ్మ తుడవడం మానేసింది, రోడ్డు మీదికి వెళ్లడం మానేసింది. ఒకరోజు రాజోలు వెళ్లి ఫోటో తీయించుకుని వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా మళ్లీ మస్కట్ విమానం ఎక్కింది, ఇంకో ఐదేళ్లకి. ఆ ఐదేళ్లూ నా వల్ల పోయాయి. చిన్నతనమని సరిపెట్టుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. కొట్టిన దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలిసే కొట్టాను.

ఇప్పుడు మా వీధిలోంచి గల్ఫ్ వెళ్లిన తల్లులు రోజూ సాయంత్రం ఫోన్లో కనబడతారు, కూరగిన్నె మూత తీసి ఏం వండారో చూపిస్తారు. పిల్లలేమో ఆట చూసుకుంటూ "తరవాత మాట్లాడతానమ్మా" అంటారు. మా లెక్కల మేడం ఈల వేసిన వీడియో స్టాఫ్ గ్రూపులో వాళ్లాయనే పెట్టించాడు. అందరూ భేష్ అన్నారు. అది మంచిదే, నాకేం ఏడుపు లేదు. కానీ అదే ఈల ఒక మనిషిని ఇంట్లోంచి పంపేసిందని, దానికి నేను తోడుపడ్డానని తెలిసినదాన్ని, ఆ వీడియోకి ఏం పెట్టాలో తోచక ఫోన్ బోర్లా పెట్టేశాను.

నాన్న పోయి నాలుగేళ్లయింది. అమ్మ అమలాపురంలో నా దగ్గరే ఉంటోంది. లాంచీ ఎక్కొచ్చిన ఆ సాయంత్రం వరండాలో పీటేసుకుని రొయ్యలు వలుస్తోంది. నేను తిరుగుతూనే చెప్పేశాను. పడవ, రెండో పక్క, రెండు వీపులు, ఏం లేవు నాన్నా అన్న మాట, అన్నీ. ఆమె రొయ్య వెనక రొయ్య వలుస్తూనే ఉంది. నేను ఆగాక, "మీ నాన్న చూసేడా?" అంది.

"లేదమ్మా."

"ఊఁ" అని మరో రెండు వలిచింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుణ్ణు.

"నేనూ చూళ్లేదే" అంది అమ్మ. "మస్కట్‌లో ఎన్నిసార్లు ఎక్కించేరో ఆ లాంచీ. మేడం చిన్నకొడుక్కి సముద్రం పడదు, ఎక్కడం పాపం వాంతులు. వాణ్ణి పట్టుకుని కింద గదిలో ఉండేదాన్ని. పైన అందరూ పరిగెత్తేవోరు, చప్పట్లు కొట్టేవోరు. నాకు ఆ చప్పుళ్లే వినబడేవి. టేపు చేసిన రోజు ఆ గోలకి పిల్లాడు ఏడుపాపి నవ్వేడు. వాడు నవ్వితే నేనూ నవ్వేను. చూసినట్టు చెబితే మీరు సంబరపడతారని చెప్పేను."

ఆమె పక్కన గచ్చు మీద కూలబడ్డాను. "అయితే ఆ రోజు పడవ..."

"ఒక్కసారి చూద్దామని ఉండేది" అంది. "మీ అందరితోటీ."

వెళ్దాం, ఈ ఆదివారమే వెళ్దాం, లాంచీలున్నాయి, మెట్లున్నాయి, చెయ్యి పట్టుకుని ఎక్కిస్తానని ఏదేదో అన్నాను. ఆమె తన మోకాళ్లూ, మొన్న ఆపరేషనైన కళ్లూ చూపించి, ఇప్పుడేం వెళ్తానే అంది. రొయ్యల గిన్నె పక్కకి జరిపి, తడిచేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఇంతకీ ఎలా ఉంటాదే అది?"

చెప్పాను. తడిసిన పలక రంగని, ఊపిరి వదిలితే కుక్కరు ఆవిరిలా ఫుస్సుమంటుందని చెప్పాను. "గేదెదూడంత ఉంటాదా?" అంటే అంతకన్నా పెద్దదే అన్నాను. "రెండోది?" అంది. రెండోది కాస్త చిన్నదని, మొదటిదాన్ని ఆనుకునే వచ్చిందని చెప్పాను. కన్ను ఎలా ఉందో అడిగింది. మనిషిని గుర్తుపట్టినట్టు చూసిందన్నాను. ఆమె "మళ్లీ చెప్పు, బస్సెక్కిన కాణ్ణించి" అంది. మళ్లీ చెప్పాను. మంచు, మొగ దగ్గర కెరటాలు, ఆగిన ఇంజను, ఆమె చప్పట్లు, పడవకి అవతలి వైపు లేచిన వీపులు. ఈసారి "అమ్మా, ఇటు, ఇటు రా" అని నేను పిలిచానని చెప్పాను. అమ్మ కాదనలేదు.